బండి లాగడం లేదంటే తప్పు టర్బోదేనా?

ప్రశ్న: మాది విజయనగరం. 2012 మోడల్ స్విఫ్ట్ డిజైర్ డీజిల్ కారు. అప్పటికి అయిదేళ్ళు తిరిగిన బండిని 2017లో కొన్నాను. ఇప్పటికి 1,74,000 కిలోమీటర్లు అయ్యాయి. మూడు నెలలుగా బండి లాగడం లేదు. ఊళ్ళో తిరిగితే పెద్దగా తెలియదు. అరకు వెళ్ళేటప్పుడు బొడ్డవర దాటి ఘాట్ మొదలైందంటే మాత్రం, అయిదుగురం కూర్చుని ఏసీ వేస్తే, ఇదివరకు మూడో గేరులో ఎక్కిన మలుపులను రెండో గేరులో ఆయాసపడుతూ ఎక్కుతోంది. రేసు ఇచ్చినప్పుడు బానెట్ కింద నుంచి ‘స్స్’ మని కొత్తగా ఒక శబ్దం వస్తోంది. వెనక మోటారు సైకిలు మీద వచ్చిన మా అబ్బాయి నల్లటి పొగ వస్తోందన్నాడు. పోయిన నెల హైవే మీద లారీని దాటబోతుంటే ఒక్కసారిగా శక్తి పడిపోయి ఇంజను లైటు వెలిగింది. పక్కకు ఆపి, తాళం తీసి మళ్ళీ వేస్తే మామూలైంది. ఉదయం మాత్రం ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది. మొదటి మెకానిక్ డీజిల్ ఫిల్టరు మార్చి, డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రపడతాయని ట్యాంకులో ఏదో మందు పోశాడు. తేడా రాలేదు. రెండో ఆయన కాలిన పొగలో కొంత తిరిగి ఇంజనుకు పంపే ఈజీఆర్ వాల్వు విప్పి కడిగాడు. రెండు వారాలు కాస్త నయంగా ఉండి మళ్ళీ మొదటికొచ్చింది. మూడో ఆయన గాలి గొట్టం ఊడదీసి, లోపల వేలు పెట్టి, అంటిన నూనె చూపించి ‘టర్బో పోయింది, మార్చాల్సిందే’ అన్నాడు. మార్చమంటారా? చిప్ పెట్టిస్తే పికప్ వస్తుందని ఒక మిత్రుడు, బండి పని అయిపోయింది అమ్మేయమని మా బావమరిది అంటున్నారు.

సమాధానం: టర్బో కోసం సర్దుకున్న డబ్బు ప్రస్తుతానికి జేబులోనే ఉంచుకోండి.

మీ ఉత్తరంలో నాలుగు మంచి సంగతులున్నాయి. ‘స్స్’ మనే శబ్దం, నల్ల పొగ, తాళం తీసి వేస్తే మామూలవడం, ఉదయం ఒక్క సెల్ఫుకే స్టార్టవడం. ముగ్గురు మెకానిక్‌లు చేసిన పనికంటే మీరు గమనించి రాసిన ఈ నాలుగే నాకు ఎక్కువ చెప్పాయి. వాళ్ళు ముగ్గురూ ఏదో ఒకటి మార్చారు, కడిగారు, లేదా మార్చమన్నారు. ఒక్కరూ ఏదీ కొలిచినట్టు మీరు రాయలేదు. జ్వరం ఎంతుందో చూడకుండా మందులు మార్చి మార్చి వాడినట్టుంది వ్యవహారం.

డీజిల్ ఇంజను ఆకలి ఎలాంటిదో ముందు చెబుతాను, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది. ఒక లీటరు డీజిలు పూర్తిగా మండాలంటే దాదాపు పదివేల లీటర్ల గాలి కావాలి. మీ కారులో ఉన్నది 1248 సీసీల చిన్న ఇంజను. ఫియట్ వాళ్ళ మల్టీజెట్ రకం, మన దేశంలో మారుతి, టాటా, ఫియట్ మూడూ తమ కార్లలో దీన్నే వాడాయి. ఎన్ని బండ్లలో పెట్టారంటే మోటారు పత్రికలవాళ్ళు దీనికి ‘దేశపు ఇంజను’ అని ముద్దుపేరు పెట్టారు. ఇంత చిన్న ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలితో ముప్పావు టన్ను బండిని లాగడమే గొప్ప. మీది ఖాళీ బండే టన్ను పైన ఉంటుంది. అందుకే టర్బో గాలిని బలవంతంగా కూరుతుంది. బాగా తొక్కినప్పుడు లోపలికి వెళ్ళే గాలి బయటి గాలికి దాదాపు రెండింతల ఒత్తిడితో ఉంటుంది. అంటే టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరుకు, అక్కడి నుంచి ఇంజనుకు వెళ్ళే రబ్బరు గొట్టాలలో మీ టైర్లలో ఉండే ఒత్తిడిలో సగం దాకా ఉంటుందన్నమాట. ఆ గొట్టానికి చీలిక పడితే ఏమవుతుందో ఇక నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీ నాలుగు సంగతులకు వద్దాం.

నల్ల పొగ అంటే డీజిలు వస్తోంది, దానికి తగ్గ గాలి రావడం లేదు అని. డీజిలే సరిగా అందకపోతే బండి నీరసంగా ఉంటుంది కానీ ఇలా నల్లగా పొగ కక్కదు. కాబట్టి మొదటి మెకానిక్ డీజిల్ ఫిల్టరు వైపు వెళ్ళడం తప్పుదారి. ఫిల్టరు మార్చడం ఎప్పుడూ వృథా కాదు లెండి, ఆ ఖర్చుకు బాధపడకండి. మందు సంగతి మాత్రం దానికి పెట్టిన డబ్బుతో రెండు లీటర్ల డీజిలు వచ్చేది అనుకోండి.

ఒక్క సెల్ఫుకే స్టార్టవడం శుభవార్త. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పెట్టే ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకోవాలి. పిస్టన్ రింగులు అరిగి కంప్రెషన్ పడిపోయినా, ఇంజెక్టర్లు వెనక్కి ఎక్కువగా కారుతున్నా ముందు చెడేది ఉదయపు స్టార్టింగే. అది బాగుందంటే ఇంజను ఒంట్లో సత్తువ ఉన్నట్టే. ‘పని అయిపోయింది’ అన్న మీ బావమరిదిగారికి ఈ మాట చెప్పండి.

తాళం తీసి వేస్తే మామూలవడం అంటే ఇంజను కంప్యూటరు తనను తాను కాపాడుకుందని అర్థం. తాను అడిగిన గాలి ఒత్తిడి ఎంత, నిజంగా వచ్చింది ఎంత అని అది ఎప్పుడూ పోల్చి చూసుకుంటూ ఉంటుంది. రెండింటికీ తేడా ఎక్కువై కొన్ని క్షణాలు అలాగే ఉంటే, ఎక్కడో ఏదో తేడా ఉందనుకుని డీజిలు కోసేస్తుంది. లారీ పక్కన మీకు జరిగింది అదే అయి ఉండాలి. ప్రమాదకరమైన చోట జరిగింది, అందుకే ఇది తేలేదాకా సింగిల్ రోడ్డు మీద ఎవరినీ దాటకండి.

ఇక ‘స్స్’ మనే శబ్దం. నాకు దీని మీదే ఎక్కువ అనుమానం. ఎందుకో నా అనుభవమే చెబుతాను.

కొన్నేళ్ళ కిందట నా దగ్గరా ఇదే ఇంజనున్న కారు ఉండేది. ఇదే జబ్బు. ఒక షెడ్డువాళ్ళు ధైర్యంగా చెప్పారు కదా అని టర్బో మార్పించాను. బిల్లు కట్టి బయటికి వచ్చి, మొదటి ఫ్లైఓవరు ఎక్కుతుంటే అదే ఆయాసం, అదే బుస. తిరిగి వెళితే ‘కొత్త టర్బో సర్దుకోవాలి’ అన్నారు. పదిరోజులు సర్దుకోలేదు. చివరికి ఒక ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తి ఏ పనిముట్టూ తీయలేదు. లుంగీ ఎగగట్టి, మోకాళ్ళ మీద వంగి, ఇంటర్‌కూలరు దగ్గరి గొట్టం కింది భాగాన్ని చేత్తో తడిమాడు. చెయ్యి బయటికి తీస్తే నాలుగు వేళ్ళకూ నల్లటి జిడ్డు. గొట్టాన్ని రెండు చేతులతో పట్టి వంచాడు. అడుగున రెండంగుళాల చీలిక కప్ప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. వదిలితే మూసుకుంది. పైనుంచి చూస్తే కొత్త గొట్టంలా ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు అది మూసుకునే ఉంటుంది. రేసు ఇచ్చి ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకుంటుంది. అంటే షెడ్డులో నిలబెట్టి ఎంత చూసినా కనబడదు, ఘాట్‌లోనే ప్రాణం తీస్తుంది. ఆ గొట్టం ధర నేను టర్బోకు పెట్టిన దానిలో పదో వంతు కూడా లేదు. పాత టర్బో వెనక్కి అడిగి తీసుకున్నాను. ఇప్పటికీ మా ఇంట్లో కాగితాల మీద బరువుగా పనిచేస్తోంది.

మీ రెండో మెకానిక్ ఈజీఆర్ కడిగాక రెండు వారాలు నయంగా ఉందన్నారు చూడండి, అది కూడా నా అనుమానానికి బలమే. ఆ పనికి దారిలో అడ్డొచ్చే గాలి గొట్టాలు విప్పి మళ్ళీ బిగించి ఉంటాడు. చీలిక కొంచెం పక్కకు తిరిగో, క్లిప్పు కొంచెం గట్టిగా కూర్చునో కొన్నాళ్ళు కారడం తగ్గి ఉండవచ్చు. ఈజీఆర్‌లో నిజంగానే మసి ఉండి, అది పోయినందువల్ల కొంత మేలు జరిగిందనీ అనుకోవచ్చు. రెండూ కలిసీ ఉండవచ్చు.

కాబట్టి ముందుగా మీరు చేయాల్సింది ఇది. ఇంజను పూర్తిగా చల్లారాక, వెలుతురు బాగా ఉన్నప్పుడు, టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు వెళ్ళేదీ, అక్కడి నుంచి ఇంజనుకు వచ్చేదీ, రెండు గొట్టాలనూ మొదటి నుంచి చివరిదాకా చేత్తో తడమండి. ముఖ్యంగా కింది వైపు, వంపు తిరిగిన చోట, క్లిప్పు కింద. పట్టి వంచి చూడండి, నొక్కి చూడండి. పన్నెండు పదమూడేళ్ళు ఇంజను వేడికి ఉడికిన రబ్బరు బయటికి బాగానే ఉండి లోపల పొరలు పొరలుగా ఊడి ఉంటుంది, నొక్కితే మెత్తగా చేతికి లొంగిపోతుంది. క్లిప్పుల చుట్టూ ఒక చోట మాత్రమే తడి జిడ్డు, దాని మీద దుమ్ము పట్టి ఉంటే గాలి బయటికి పోతున్న చోటు అదే. చేతికి దొరక్కపోతే గొట్టం చివర మూసి తక్కువ ఒత్తిడితో గాలి పట్టి సబ్బు నీళ్ళు రాయమనండి. టైరు పంక్చరు చూసే పద్ధతే. సందేహం మిగిలితే కొత్త గొట్టమే వేయించండి. టేపు చుట్టించడం, సైకిల్ ట్యూబు ముక్క కట్టించడం వద్దు, అది మొదటి మలుపు దాకానే.

మరి మూడో ఆయన వేలికి అంటిన నూనె మాటేమిటి? ఆ వేలు చూసి ఎంతమంది టర్బో మార్పించి ఉంటారో! ఇంజను లోపలి ఆవిరిని మళ్ళీ గాలి దారిలోకే పంపించే ఏర్పాటు ఈ బండ్లలో ఉంటుంది. దానితో పాటు సన్నటి నూనె తుంపర వచ్చి గొట్టం గోడలకు పూతలా పట్టడం లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన ఏ డీజిల్ బండిలోనైనా మామూలే. వేలికి జిడ్డు అంటడం వేరు, గొట్టం వంచితే నూనె ధారగా కారడం వేరు. రెండోది జరిగితే, తోడుగా నీలం పొగ వస్తూ డిప్‌స్టిక్ మీద నూనె మట్టం తగ్గుతూ ఉంటే అప్పుడు టర్బోను అనుమానించాలి. అప్పుడు బండి నడపడం కూడా ఆపేయాలి. నూనె ఎక్కువగా లోపలికి వెళితే ఇంజను ఆ నూనెనే డీజిలులా కాల్చుకుంటూ, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. మీ ఉత్తరంలో నీలం పొగ లేదు, నూనె తగ్గినట్టూ లేదు. ఒకసారి మట్టం చూసుకోండి.

ఇంత చెప్పాక ఒక మెట్టు వెనక్కి రావాలి. అసలు తప్పు ఇంజనుదేనా అన్నది కూడా పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో యాభై అరవై వేగంతో వెళుతూ ఒక్కసారి పూర్తిగా తొక్కండి. ఇంజను చుట్లు చూపే ముల్లు గబుక్కున పైకి లేచి, బండి వేగం మాత్రం నింపాదిగా పెరిగితే క్లచ్ ప్లేటు జారుతోందని అర్థం. ఇంజను శక్తి బాగానే ఉండి చక్రాలకు చేరడం లేదు. రెండు ముళ్ళూ కలిసి బద్ధకంగా లేస్తే క్లచ్ నిర్దోషి. అలాగే పది కిలోమీటర్లు తిరిగివచ్చి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉంది. వానాకాలం తరవాత వెనక బ్రేకులకు ఇది తరచూ జరుగుతుంది. మీకు నల్ల పొగ, శబ్దం ఉన్నాయి కాబట్టి ఈ రెండూ కాకపోవచ్చు. కానీ ఒక జబ్బు ఉన్నవాడికి ఇంకో జబ్బు రాకూడదనే నియమం ఏమీ లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, నొచ్చుకోకండి. ఈ ఇంజను పూర్తి లాగుడు, అంటే 190 న్యూటన్ మీటర్లు, నిమిషానికి 2000 చుట్ల దగ్గర వస్తుంది. 1500 చుట్ల దగ్గర టర్బో ఇంకా నిద్ర లేవదు. ఘాట్‌లో మలుపు తిరిగాక మూడో గేరులో 1400, 1500 దగ్గర తొక్కి పట్టి ‘లాగడం లేదు’ అంటే కొత్త బండి కూడా లాగదు. మలుపుకు ముందే గేరు దించి, ముల్లు 2000 కిందికి రాకుండా ఎక్కండి. ఇదివరకు మూడోలో ఎక్కేదని మీరే రాశారు కనుక మీ బండిలో నిజంగానే లోపం ఉంది. అయితే బాగు చేయించాక పరీక్షించేటప్పుడు మాత్రం ఇది గుర్తుంచుకోండి.

లోపం ఘాట్‌లోనే ఎందుకు బయటపడుతోందన్నదానికి ఇంకో కారణం కూడా ఉంది. అరకు ఘాట్‌లో గాలికొండ దగ్గర మీరు సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు పైన ఉంటారు. అక్కడ గాలి పలచన, విజయనగరంలో ఉన్న ఒత్తిడిలో పదో వంతుకు మించి తగ్గిపోతుంది. టర్బో లేని పాత అంబాసిడర్ డీజిల్ నడిపినవాళ్ళకు ఆ బాధ తెలుసు. టర్బో ఆ లోటును తాను ఇంకొంచెం వేగంగా తిరిగి పూడుస్తుంది. గొట్టం కారుతుంటే పూడ్చలేదు. కొండ కింద సరిపోయినట్టు కనబడినది కొండ మీద చాలదు.

గొట్టాలు చూశాక కొలతల పని. కారు కంప్యూటరు చెప్పేది చదివే చిన్న ఓబీడీ స్కానరు బ్లూటూత్‌ది తక్కువ ధరకే దొరుకుతుంది. స్టీరింగు కింద ఉండే సాకెట్టులో గుచ్చి ఫోనులో చూసుకోవచ్చు. లేదా స్కానరు ఉన్న షెడ్డుకు వెళ్ళండి. ఒక షరతు, అక్కడికి వెళ్ళేలోగా బ్యాటరీ తీగ ఎవరినీ ఊడదీయనివ్వకండి. లారీ పక్కన లైటు వెలిగినప్పుడు కంప్యూటరు రాసుకున్న కోడ్ పోతుంది. ఆ కోడ్ పి0299 అయితే గాలి ఒత్తిడి చాలలేదని. పి0087 అయితే డీజిల్ రైలులో, అంటే ఇంజెక్టర్లకు డీజిలు పంచే పైపులో, ఒత్తిడి పడిపోయిందని. ఈ రెంటిలో ఏది వచ్చిందో తెలిస్తే సగం వాదన ముగిసినట్టే. కోడ్ చూసిన మెకానిక్ వెంటనే ‘అదిగో, టర్బో’ అంటాడు. ఒప్పుకోకండి. పి0299 గాలి చాలలేదని మాత్రమే చెబుతుంది, ఎవరు దొంగిలించారో చెప్పదు.

తరవాత స్కానరులో రెండు అంకెలు చూడాలి. ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పితే మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజనులోకి వెళ్ళే గాలి ఒత్తిడి) దగ్గర విజయనగరంలో దాదాపు 100 కిలోపాస్కల్ చూపించాలి, అది బయటి గాలి ఒత్తిడి. ఇక్కడే తేడాగా చూపిస్తే సెన్సరు తప్పు చెబుతోంది. ఈ సెన్సరు ముక్కుకు మసి పట్టి మూసుకుపోవడం పాత డీజిల్ బండ్లలో తరచూ చూసేదే. విప్పి, సెన్సర్ల కోసం అమ్మే స్ప్రేతో కడిగి ఆరబెడితే చాలు, పిన్నుతో గుచ్చకూడదు. సరిగా చూపిస్తే, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఫోను వాళ్ళ చేతికిచ్చి, మూడో గేరులో 2000 చుట్ల నుంచి పూర్తిగా తొక్కండి. అంకె 200 దరిదాపులకు వెళ్ళాలి. 130, 140 దగ్గర ఆగిపోతే గాలి ఎక్కడో పోతోంది. గొట్టం మార్చాక ఇదే రోడ్డు మీద ఇదే పరీక్ష మళ్ళీ చేయండి. ముందు అంకె, తరవాత అంకె కాగితం మీద రాసుకోండి. ‘ఇప్పుడు బాగుంది సార్’ అన్న మాటకంటే ఆ రెండు అంకెలు నమ్మదగినవి.

గొట్టాలు బాగుండి అంకె తక్కువగా ఉంటే ఎక్కడెక్కడ చూడాలి? ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరవండి. మార్చాం అన్న మాట కాదు, తెరిచి చూడండి. కోతల కాలంలో ఎలుకలు అందులో వరిగడ్డి, వేరుశనగ పొట్టుతో కాపురం పెట్టిన బండ్లు నేను చూశాను. ఒకసారి అయితే నాలుగు పిల్లలతో సహా. ఆ తరవాత ఈజీఆర్ వాల్వు. ఇది కాలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనుకే పెడుతుంది, పొగలోని విషవాయువులు తగ్గడానికి. ఇది తెరుచుకున్నచోటే బిగుసుకుపోతే గాలి బదులు పొగ పీల్చుతూ ఇంజను డీలా పడుతుంది. కడిగించారు కనుక పూర్తిగా మూసుకుంటోందో లేదో మాత్రం చూడమనండి. కొందరు దానికి రేకు అడ్డం పెట్టి మూసేయమంటారు. కాలుష్య నిబంధనలకు విరుద్ధం, ఇంజను లైటు కూడా వెలుగుతూ ఉంటుంది. తరవాత పొగ గొట్టం వైపు, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరు మసితో మూసుకుపోయిందా అని. ఫోనులో వీడియోలు చూసి ‘డీపీఎఫ్ ఫిల్టరు కాల్చాలి’ అని, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరు గురించి, ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. మీ 2012 బండిలో అది లేదు. మన దగ్గర చిన్న డీజిల్ కార్లకు అది మామూలైంది 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాకే.

కోడ్ ఒకవేళ పి0087 అని తేలితే దారి మారుతుంది. కొత్తగా వేసిన డీజిల్ ఫిల్టరు సరిగా బిగిసిందా, అక్కడ గాలి పీలుస్తోందా, అడుగున నీళ్ళు నిలిచాయా అన్నది మొదట. తరవాత ఇంజెక్టర్ల నుంచి తిరిగి వెళ్ళే డీజిలును నాలుగు చిన్న సీసాలలో పట్టి పోల్చడం. ఒక సీసా మిగతావాటికంటే చాలా ముందు నిండితే ఆ ఇంజెక్టరు అరిగింది. నాలుగూ తీసి పంపించాల్సిన పని లేదు, ఆ ఒక్కటి చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత జీపులు, అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌లకు ఒక అలవాటు ఉంది. ఇంజను నడుస్తుండగా ఇంజెక్టరు పైపు నట్టు ఒక్కొక్కటీ వదులు చేసి ఏ సిలిండరు పనిచేయడం లేదో చెవితో పట్టేస్తారు. ఆ బండ్లలో అది గొప్ప విద్య. మీ బండి కామన్ రైల్, అంటే ఎప్పుడూ అధిక ఒత్తిడిలో ఉండే ఒకే పైపు నుంచి ఇంజెక్టర్లన్నిటికీ డీజిలు అందే రకం. రేసు ఇచ్చినప్పుడు ఆ పైపుల్లో వెయ్యి బార్‌లకు పైగా ఒత్తిడి ఉంటుంది, మీ టైరుకు అయిదు వందల రెట్లు. సన్నటి చుక్క కూడా సూదిలా చర్మంలోకి దిగిపోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉండి, గంటల్లో చెయ్యి పోగొట్టే దాకా వస్తుంది. మీ ఎదుట ఎవరైనా నడుస్తున్న ఇంజనుకు ఆ నట్టు మీద స్పానరు పెడితే ఆపండి. పెద్దాయన అని మొహమాటపడకండి.

ఇవన్నీ చూశాక, అప్పుడు టర్బో. దానికీ కొలత ఉంది. గొట్టం తీసి టర్బో మధ్య ఇరుసును వేళ్ళతో కదిపి చూస్తారు. అటూ ఇటూ రవ్వంత కదలిక ఉండడం సహజం, ఇరుసు నూనె పొర మీద తేలి తిరిగేలా చేసిందే కనుక. ముందుకూ వెనక్కీ కదలిక చేతికి తెలిసిందంటే అరిగింది. రెక్కల అంచులు డబ్బా గోడకు రాసుకున్న గీతలు కనబడితే ఇక మాట్లాడనక్కరలేదు. అప్పుడు మార్చండి. మార్చేటప్పుడు దానికి నూనె తెచ్చే సన్నటి పైపు కూడా కొత్తది వేయించి, ఇంజను ఆయిలు, ఫిల్టరు మార్చి, ఇంటర్‌కూలరులో నిలిచిన నూనె కడిగించండి. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే ఇరుసు అది. నూనె ఆలస్యమైతే కొత్తది కూడా పాతదాని దారే పడుతుంది. ఘాట్ ఎక్కి గాలికొండ దగ్గర ఆపి వెంటనే తాళం తీసేయడం కూడా దానికి మంచిది కాదు. ఒక నిమిషం ఇంజనును ఊరికే నడవనిచ్చి ఆపండి, ఈలోగా పిల్లలు ఎలాగూ దిగిపోతారు.

చిప్ సంగతి అడిగారు. కంప్యూటరును మభ్యపెట్టి ఎక్కువ డీజిలు పోయించడం తప్ప అది చేసేదేమీ లేదు. మీ బండికి తక్కువైంది గాలి. అన్నం అరగనివాడికి ఇంకో గరిటె వడ్డించినట్టవుతుంది, పొగ ఇంకా నల్లగా వస్తుంది.

అమ్మడం మీ ఇష్టం. కానీ ఇప్పుడు, ఈ పొగతో, ఈ లైటుతో అమ్మితే కొనేవాడు మొత్తం ఇంజను ఖర్చు తగ్గించి అడుగుతాడు. రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు, అంటే 2027లో, ఫిట్‌నెస్ పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. అందుకని పెద్ద ఖర్చులు పెట్టే ముందు ఆ తేదీని లెక్కలో ఉంచుకోవడం న్యాయమే. గొట్టం, క్లిప్పులు, సెన్సరు శుభ్రం చేయించడం ఆ లెక్కలోకి వచ్చే ఖర్చులు కావు.

ఆదివారం పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తండి. పాత చొక్కా వేసుకోండి, ఆ జిడ్డు ఉతికినా పోదు. గొట్టం అడుగున చెయ్యి పెట్టి చూసి, చీలిక దొరికిందో లేదో, 2000 చుట్ల దగ్గర అంకె ఎంత వచ్చిందో రాయండి. దొరకకపోతే ఆ అంకె పట్టుకుని అక్కడి నుంచి వెతుకుదాం.